ఊక, పీచు, జీడితొక్క ప్లాస్టిక్‌లో కలిపినప్పుడు: సమస్యలు, పరిష్కారాలు

పలాసలో జీడితొక్క, ఉద్దానంలో కొబ్బరి పీచు, ఏ రైస్ మిల్లు వెనక చూసినా ఊక. మన శ్రీకాకుళంలో ఈ సరుకుకు కొదవ లేదు. దీన్ని ప్లాస్టిక్‌లో కలిపి చేసిన పలక పాడైతే చాలామంది మెషీన్‌ను అనుమానిస్తారు. ముందు సరుకును చూడండి.

పలకలో బుడగలు, పైన తెల్లటి చారలు
తేమే కారణం. ఎండలో కరకరలాడిన ఊకలోనూ తేమ ఉంటుంది. వానాకాలంలో ఆరబెట్టిన సరుకు కూడా రాత్రికి రాత్రే మళ్లీ తేమ పీల్చేస్తుంది. 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, 100 గ్రాముల నమూనాను గంటకోసారి తూచండి. తూకం తగ్గడం ఆగాకే సరుకు ఆరినట్టు. వేడి మీదే వాడేయండి, లేదా గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ముదురు రంగు, మాడు వాసన
200 డిగ్రీలు దాటితే పీచు, ఊక మాడడం మొదలవుతుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కు 180-190 డిగ్రీలు చాలు.

చేత్తో వంచితే పుటుక్కున విరగడం
విరిగిన అంచును వెలుతురులో పెట్టి చూడండి. పోగులు నున్నగా ఊడొచ్చి, వాటి చోట సన్నటి గుంతలు మిగిలితే ప్లాస్టిక్ పీచును పట్టుకోలేదన్నమాట. పీచుకు నీళ్లంటే ఇష్టం, ప్లాస్టిక్‌కు పడదు. ఆ రెంటినీ కలపడానికి మలేయిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనం అతికించిన పాలీప్రొపిలీన్ 3 నుంచి 5 శాతం వేయండి. పోగులు ఊడకుండా తెగి ఉంటే పట్టు బాగున్నట్టే. అప్పుడు పీచు పాళ్లు తగ్గించి చూడండి.

పాలియెస్టర్ రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) గట్టిపడక జిగటగా ఉండిపోవడం
నన్ను బాగా ఏడిపించింది ఇదే. జీడితొక్క పొడి కలిపి పోసిన పలక మర్నాడు కూడా వేలికి అంటుకుంది. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ పెంచాను, అది తప్పు. తొక్కలోని నూనె నిండా ఫినాల్ జాతి పదార్థాలే. అవి రెజిన్ గట్టిపడే చర్యనే అడ్డుకుంటాయి. నూనె తీసేసిన తొక్క పిండి వాడండి. అందులోనూ కొంత నూనె మిగులుతుంది కాబట్టి ముందు చిన్న కప్పులో పోసి, ఒక రోజు ఆగి, గోటితో నొక్కి చూడండి. గోరు దిగితే ఆ పిండి పాలియెస్టర్‌కు పనికిరాదు. అలాగని పారేయొద్దు. ఈ నూనె ఫార్మాల్డిహైడ్‌తో కలిసి తానే రెజిన్ అవుతుంది, బ్రేక్ లైనింగుల్లో వాడే పొడి అలా తయారైందే. కాబట్టి ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌తో చేసే ఫినాలిక్ రెజిన్‌తో ప్రయత్నించండి. గ్లవ్స్ లేకుండా మాత్రం తొక్క ముట్టుకోవద్దు, చేతులు బొబ్బలెక్కుతాయి.

మెషీన్‌లో సరుకును తోసే స్క్రూ త్వరగా అరిగిపోవడం
ఊకలోని సిలికా వల్ల. గట్టిపరిచిన స్టీల్ స్క్రూ వేయించుకోండి.