కెయిర్న్స్ జలపాతాల టూర్: ఎక్కడ దిగాలి, ఎక్కడ గట్టు మీదే ఉండాలి

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో ఉన్న కెయిర్న్స్ వెళ్ళేవాళ్ళలో నూటికి తొంభై మంది సముద్రంలో ఉన్న పగడపు దిబ్బలు, అంటే గ్రేట్ బ్యారియర్ రీఫ్ కోసమే వెళ్తారు. పడవ టికెట్లు కొనేశాక ఇంకో రోజు ఖాళీగా మిగులుతుంది, హోటల్ కౌంటర్ మీద ఉన్న కరపత్రం చూసి జలపాతాల టూర్ బుక్ చేసేస్తారు. మేమూ అలాగే చేశాం. బ్రిస్బేన్ నుంచి నేను, మా ఆవిడ, రాజమండ్రి నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా నాన్నగారు. ఆ రోజు మొత్తం ట్రిప్‌లోనే బాగా గుర్తుండిపోయింది, రీఫ్ కన్నా కూడా. కానీ వెళ్ళే ముందు ఎవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే బాగుండేదనిపించింది, అందుకే రాస్తున్నాను.

ముందు చేదు మాట చెప్పేస్తాను. 2024 జూలైలో ఈ దారిలోనే ఉన్న మిల్లా మిల్లా జలపాతంలో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు మునిగి చనిపోయారు. ఫోటోల్లో చూస్తే ఆ జలపాతం కన్నా అమాయకమైనది ఇంకోటి ఉండదు. చుట్టూ పచ్చిక, మధ్యలో గుండ్రటి మడుగు, తెర వేలాడదీసినట్టు తిన్నగా పడే నీళ్ళు. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా అది స్విమ్మింగ్ పూల్ ఈత. కాబట్టి ఈ టూర్‌లో మీరు డబ్బు కట్టేది బస్సుకు కాదు, ఈ రోజు ఈ నీళ్ళలో దిగొచ్చా వద్దా అని చెప్పగలిగే గైడ్‌కి. సొంతంగా కారు అద్దెకు తీసుకుంటే చవకే, ముఖ్యంగా నలుగురుంటే. కానీ రాత్రి కొండమీద ఎంత వాన పడిందో, పొద్దున్న ఏ మడుగులో నీళ్ళు ఎలా ఉన్నాయో అద్దె కారు చెప్పదు కదా.

బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి మాట్లాడండి, వెబ్‌సైట్‌లో నొక్కేసి ఊరుకోకండి. బస్సులో ఎంతమంది, ఈత రానివాళ్ళ కోసం నూడుల్స్ (పట్టుకుని తేలే పొడవాటి ఫోమ్ కడ్డీలు), లైఫ్ జాకెట్లు ఉన్నాయా, వాన పడితే ఏ చోటు వదిలేసి ఎక్కడికి తీసుకెళ్తారు? ఈ మూడో ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పే కంపెనీ మంచిది. "ఏం ఫరవాలేదు, వాన పడ్డా అన్నీ చూపిస్తాం" అన్నవాళ్ళని నేనైతే వదిలేస్తాను. ఇక శాకాహారం సంగతి: చెప్పండి, మళ్ళీ చెప్పండి, బస్సెక్కేటప్పుడు మూడోసారి చెప్పండి. మేం వెళ్ళిన కంపెనీకి రెండుసార్లు రాసినా నాన్నగారికి హామ్ శాండ్‌విచ్ ఇచ్చారు, ఆయన దాన్ని తెరిచి చూసి, మూసి, ఎంతో మర్యాదగా పక్కవాళ్ళకి ఇచ్చేసి మా ఆవిడ తెచ్చిన పులిహోర డబ్బా అందుకున్నారు. పులిహోర తీసుకెళ్ళండి, అంతే.

ఎప్పుడు వెళ్ళాలి? జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు తక్కువ. డిసెంబర్ నుంచి మార్చి దాకా జలపాతాలు ఉగ్రంగా ఉంటాయి, చూడ్డానికి బ్రహ్మాండం, దిగడానికి కాదు. అయితే ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఒకటి మర్చిపోతారు, జూలై అంటే అక్కడ చలికాలం. సముద్రం పక్కన కెయిర్న్స్‌లో వెచ్చగానే ఉంటుంది కానీ మిల్లా మిల్లా దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీద ఉంది, ఇంచుమించు మన అరకు ఎత్తు. ఒక స్వెట్టర్ పెట్టుకోండి.

సంచిలో ఇంకేం పెట్టుకోవాలంటే, లావుపాటి టర్కీ టవల్ కాదు, మన తుండుగుడ్డ. నాలుగు చోట్ల తడుస్తారు, టవల్ మొదటి చోటే నీళ్ళు పీల్చుకుని బస్సంతా కంపు చేస్తుంది, తుండు అయితే కిటికీ పక్కన వేస్తే తర్వాతి స్టాప్‌కి ఆరిపోతుంది. ఒక లుంగీ కూడా. అన్నిచోట్లా బట్టలు మార్చుకునే గదులుండవు, లుంగీ ఉంటే గది మీతోనే ఉన్నట్టు. జీన్స్‌తో, చుడీదార్‌తో నీళ్ళలో దిగొద్దు, తడిసిన కాటన్ బట్ట కాళ్ళకి చుట్టుకుని కిందికి లాగుతుంది. హవాయి చెప్పులు పాకుడు రాయి మీద సబ్బుబిళ్ళలే, వెనక పట్టీ ఉండి రబ్బరు అడుగున్న నీళ్ళ బూట్లు కొనుక్కోండి, కేమార్ట్ షాపుల్లో దొరుకుతాయి. ఉంగరాలు హోటల్లోనే వదిలేయండి. చన్నీళ్ళకి వేళ్ళు సన్నబడి ఉంగరం జారిపోతుంది, మా ఆవిడది అలా జారబోయి కొసలో దొరికింది.

ఈత సరిగ్గా రానివాళ్ళు ముందురోజు సాయంత్రం కెయిర్న్స్‌లో సముద్రపు ఒడ్డున ఎస్ప్లనేడ్‌లో ఉన్న లగూన్ అనే ఈత కొలనుకి వెళ్ళండి. ఉచితం, లైఫ్‌గార్డులుంటారు, లోతు తక్కువ. నూడుల్ పట్టుకుని వెల్లకిలా తేలడం ఒక గంట ప్రాక్టీస్ చేస్తే మర్నాడు టెన్షన్ సగం తగ్గుతుంది.

పొద్దున్న ఏడింటికల్లా బస్సు వచ్చేస్తుంది. దక్షిణంగా బ్రూస్ హైవే మీద, రెండు వైపులా చెరకు తోటలు, గోదావరి జిల్లాల్లో వెళ్తున్నట్టే ఉంటుంది. మధ్యలో గోర్డన్‌వేల్ అనే ఊరు వస్తుంది. చెరకుని తినే పురుగుల్ని చంపుతాయని హవాయి నుంచి తెచ్చిన కేన్ టోడ్ కప్పల్ని 1935లో మొదట వదిలింది ఇక్కడే, అవి పురుగుల్ని వదిలేసి ఖండంలో ఉత్తరం, తూర్పు వైపులా పాకాయి.

కెయిర్న్స్‌కి 60 కిలోమీటర్ల దూరంలో బాబిండా. ఈ ఊళ్ళో ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. పక్కనే క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయిన బార్టిల్ ఫ్రీర్ కొండ ఉంది మరి, సముద్రం మీంచి వచ్చే మబ్బులన్నీ దానికి కొట్టుకుని ఇక్కడే దిగిపోతాయి. ఇక్కడ బౌల్డర్స్ అనే చోట ఏనుగులంత గ్రానైట్ గుండ్ల మధ్య వాగు పారుతుంది. పిక్నిక్ బల్లల దగ్గరున్న మడుగు ఈతకి కేటాయించినది, ప్రశాంతంగా ఉంటుంది, అక్కడ దిగండి. దానికి దిగువన డెవిల్స్ పూల్ ఉంది, దాన్ని కంచె ఇవతల నుంచే చూడండి. 1959 నుంచి అక్కడ పదిహేను మందికి పైనే పోయారు. కారణం దెయ్యం కాదు. నీళ్ళు రాళ్ళ మీంచే కాదు, రాళ్ళ కిందనుంచి కూడా పోతాయి. పైన చూస్తే మడుగు, లోపల తూము. కాలు జారితే ఆ సందులోకి లాగేసి రాయికి అదిమి పెట్టేస్తుంది, గజఈతగాడైనా ఒకటే.

తర్వాత జోసఫీన్ ఫాల్స్. కారు పార్కింగ్ నుంచి అడవిలో పది, పదిహేను నిమిషాల నడక. ఇక్కడ మా గైడ్ చేసిన పని చెప్పాలి. అందరం చొక్కాలు విప్పి సిద్ధంగా ఉంటే ఆయన ఆగమన్నాడు, ఒక ఎండుటాకు తీసి మడుగు పైకొసన నీళ్ళలో వేశాడు. ఆకు మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు తిరుగుతూ వచ్చింది, మడుగు మధ్యకి వచ్చేసరికి చటుక్కున పక్కకి లాగేసి రెండు రాళ్ళ మధ్యనుంచి మాయమైపోయింది. "ఆ ఆకు పోయిన వైపు వెళ్ళకండి, మిగిలినదంతా మీదే" అన్నాడు. ఇప్పుడు నేను ఏ వాగు దగ్గరికి వెళ్ళినా ముందు ఆకు వేస్తాను.

జోసఫీన్‌లో కింది మడుగు ఒక్కటే మనది, పై మడుగుల వైపు ఎక్కడం నిషేధం. నున్నటి రాతి మీంచి జారుడుబల్లలా జారే వీడియోలు మీరు చూసే ఉంటారు, నీళ్ళ మట్టం చూసి గైడ్ సరే అంటేనే దాని గురించి ఆలోచించండి. ఇక్కడ అసలు భయం ఉన్నట్టుండి వచ్చే వరద. మీ నెత్తిన ఎండ కాస్తుంటుంది, పైన బార్టిల్ ఫ్రీర్ మీద కుండపోత కురుస్తుంటుంది, ఆ నీళ్ళు కొన్ని నిమిషాల్లో కిందికి వచ్చేస్తాయి. నీళ్ళ రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, ఫోన్ కోసం చెప్పుల కోసం చూసుకోకుండా గట్టెక్కేయండి. అవతలి ఒడ్డున ఉంటే అక్కడే పైకి ఎక్కి ఉండిపోండి, దాటి రావడానికి చూడొద్దు.

ఈ నడకలో చెట్ల సంగతి కూడా. దారి పక్కన హృదయం ఆకారంలో, అంచులు రంపపు పళ్ళలా, మెత్తగా నూగున్న పెద్ద ఆకులు కనిపిస్తే ముట్టుకోకండి. జింపీ-జింపీ అంటారు. మన దురదగొండి దాని ముందు పసిపాప, దీని నొప్పి నెలల తరబడి తిరగబెడుతుంది. పొట్టి నిక్కర్లతో అడవిలోకి అడ్డదారులు తొక్కకపోతే సమస్య లేదు. జలగలుంటాయి, భయపడక్కర్లేదు, గోరుతో పక్కనుంచి గీరితే ఊడొస్తాయి. కాసోవరీ అనే మనిషంత పక్షి ఎదురైతే వెనక్కి తిరిగి పరిగెత్తొద్దు, సంచి ముందు పెట్టుకుని మెల్లగా వెనక్కి అడుగులేయండి. ఇక మొసళ్ళు: పల్లంలో ఉన్న వాగులు, ఏటి ఒడ్డులు, సముద్రతీరాల దగ్గర మొసలి బోర్డులుంటాయి, ఇంగ్లీషుతో పాటు జర్మన్‌లో కూడా. గైడ్ ఆపిన చోట తప్ప ఇంకెక్కడా "కాళ్ళు కడుక్కుంటా" అని దిగొద్దు.

అక్కణ్ణించి పామర్‌స్టన్ హైవే మీద పైకి ఎక్కితే అడవి పోయి ఆవులు మేసే పచ్చిక గుట్టలు మొదలవుతాయి. మిల్లా మిల్లా, జిల్లీ, ఎలింజా, మూడు జలపాతాలూ 17 కిలోమీటర్ల చుట్టు దారిలో ఉన్నాయి. జిల్లీ చూసి వచ్చేయొచ్చు, ఎలింజా ప్రశాంతంగా బాగుంటుంది, జనం మాత్రం మిల్లా మిల్లా దగ్గరే. 18 మీటర్ల ఎత్తు, వెనక నల్లటి బసాల్ట్ రాయి. అందరూ నీళ్ళలోంచి లేచి తడి జుట్టు వెనక్కి విసిరి ఫోటో దిగేది ఇక్కడే.

మా నాన్నగారు చిన్నప్పుడు గోదావరిలో ఈదిన మనిషి. "నాకు నీళ్ళు కొత్తా?" అని గట్టు మీంచి ఒక్కసారిగా దిగిపోయారు. మునిగి పైకొచ్చాక చూస్తే నోరు తెరుచుకుని గుటకలు మింగుతున్నారు, మాట రావట్లేదు, చేతులు ఆడట్లేదు. నడుం లోతే కాబట్టి నేను చెయ్యి పట్టుకుని లాగాను. చన్నీళ్ళలో ఒక్కసారిగా దిగితే శరీరం తనంతట తానే గట్టిగా గాలి పీలుస్తుంది, ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే పీల్చేది నీళ్ళే. ఈత వచ్చా రాదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. అందుకని ముందు పాదాలు, మోకాళ్ళు, తర్వాత మెడ మీద దోసిలితో చల్లుకుని, ఊపిరి మామూలయ్యాకే లోపలికి వెళ్ళండి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళు పాదాలతో ఆగిపోవడం మంచిది.

ఇంకోటి, ధార కిందికి ఈదుకుంటూ వెళ్ళొద్దు. పడే నీళ్ళు కిందికి తొక్కుతాయి, పైగా అక్కడ నురగంతా గాలి బుడగలే కాబట్టి మామూలు నీళ్ళలో తేలినట్టు తేలలేరు. ఫోటో గట్టు దగ్గర నిలబడి తీసుకున్నా జలపాతం వెనక బాగానే పడుతుంది. ఈత రాకపోతే కాలు అందే చోటు దాటి పోవద్దు, మడుగులో నేల మెట్లు మెట్లుగా కాదు, ఒక్కసారిగా పోతుంది. ఎవరైనా మునుగుతుంటే దూకకండి. నూడుల్, తువ్వాలు, కొమ్మ, ఖాళీ నీళ్ళ డబ్బా, ఏది దొరికితే అది విసరండి, అరవండి. మనవాళ్ళు స్నేహితుడి కోసం ప్రాణం ఇచ్చే రకం, అందుకే ఒకరితో పోవాల్సిన ప్రమాదం ఇద్దరితో పోతుంది. ఎమర్జెన్సీ నంబర్ 000, కానీ చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, గైడ్ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉందేమో పొద్దున్నే అడిగి పెట్టుకోండి.

భోజనం లేక్ ఈచమ్ దగ్గర అయితే అదృష్టం. అగ్నిపర్వతం పేలిన గోతిలో నిలిచిన సరస్సు, 65 మీటర్ల లోతు. ఇక్కడి ఇలాంటి సరస్సులు ఎలా పుట్టాయో అక్కడి ఆదివాసీలైన ఎన్‌గాజన్ ప్రజల కథ ఒకటుంది, అందులో అప్పుడు చుట్టూ అడవి లేదని, చెట్లు పలచగా ఉన్న నేల అని వస్తుంది. తర్వాత శాస్త్రజ్ఞులు సరస్సు అడుగున పుప్పొడి తీసి చూస్తే నిజంగానే ఇప్పటి దట్టమైన అడవి దాదాపు 7,600 ఏళ్ళ కిందట వచ్చినదే. అన్ని వేల ఏళ్ళు నోటి మాటగా నిలిచిందన్నమాట. ఇక్కడ నీళ్ళు పారవు, దిగడానికి మెట్లు, నిచ్చెన ఉంటాయి, ఆకు వేస్తే వేసిన చోటే ఉంటుంది. నాన్నగారు నూడుల్ చంకలో పెట్టుకుని అరగంట తేలింది ఇక్కడే. తిండి మాత్రం జాగ్రత్త, బల్లల చుట్టూ నల్లటి అడవి టర్కీ కోళ్ళు తిరుగుతుంటాయి. ఒకటి వచ్చి మా చేగోడీల పొట్లం మొత్తం ముక్కున కరుచుకుని పొదల్లోకి పోయింది, వెనక రెండో కోడి దాన్ని తరుముతూ.

దగ్గర్లోనే కర్టెన్ ఫిగ్ చెట్టు. పదిహేను మీటర్ల పొడవున ఊడలు తెరలా దిగి ఉంటాయి. మర్రి అనుకుంటాం కానీ ఇది జువ్వి జాతి, మన ఊళ్ళలో ఉన్నదే. ఒక చెట్టుని చుట్టుకుని పెరిగి, ఆ చెట్టు పక్కదాని మీద ఒరిగితే అక్కణ్ణించి ఊడలు దించింది. పది నిమిషాలు చాలు.

చీకటి పడే వేళకి బస్సు యుంగబర్రా ఊళ్ళో ఆగితే పీటర్సన్ క్రీక్ అనే వాగు ఒడ్డున ప్లాటిపస్, అంటే బాతు ముక్కున్న నీటి జంతువు, కనిపించొచ్చు. మాట్లాడకుండా, ఫ్లాష్ లేకుండా నీళ్ళ మీద బుడగల వరస కోసం చూడండి. మాకు మూడు సెకన్లు కనిపించింది, మా ఆవిడ అప్పుడు తుమ్మింది.

తిరుగు దారి గిల్లీస్ ఘాట్ రోడ్డు. 19 కిలోమీటర్లలో 263 మలుపులు, అదీ చీకట్లో, కడుపునిండా తిని. వాంతుల మాత్ర యుంగబర్రాలోనే వేసుకోండి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది. ముందు సీట్లు పొద్దున్నే పట్టుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు. కవర్లు డ్రైవర్ సీటు వెనక వేలాడుతుంటాయి.