కార్బన్ ఫ్రేమ్ టాప్ ట్యూబ్‌కి దెబ్బ తగిలితే

సైకిల్ పడినప్పుడు హ్యాండిల్‌బార్ తిరిగి టాప్ ట్యూబ్‌ని (సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే పై గొట్టాన్ని) కొట్టడం మామూలే. పైకి పెయింట్ గీతే కనిపించినా లోపల కార్బన్ గుడ్డ పొరలు విడిపోయి ఉండొచ్చు. రూపాయి బిళ్లతో తట్టి చూడండి. బాగున్నచోట ఖణేల్‌మంటుంది, దెబ్బతిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. ఆ హద్దు గీసుకోండి. ట్యూబ్ ఈ పక్కనుంచి ఆ పక్కకి పగిలితే వర్క్‌షాప్‌కివ్వండి. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), హ్యాండిల్‌బార్ అయితే మార్చేయడమే, రిపేరు వద్దు.

హద్దు చుట్టూ 40 మి.మీ. వరకు 120 నంబర్ ఎమరీ పేపర్‌తో తడిపి రుద్దండి. ఎన్-95 మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. విరిగిన పొరలు తీసేసి అంచుని ఏటవాలుగా పలచబరచాలి. నిటారు మెట్టు మిగిలితే అతుకు సరిగ్గా అక్కడే పగులుతుంది. పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ఆపైన వేలు తగలనివ్వకండి.

తీసినన్ని పొరలు, పైన ఇంకొకటి వేయాలి. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల) కార్బన్ గుడ్డ తీసుకుని, ఒక్కో ముక్కని కిందిదానికంటే అన్నివైపులా 10 మి.మీ. పెద్దగా కత్తిరించండి. పోగులు ఒక పొరలో ట్యూబ్ పొడవునా, తర్వాతి పొరలో 45 డిగ్రీల వాలులో ఉండాలి. గుడ్డ ఎంత బరువుంటే అంతే లామినేటింగ్ ఎపాక్సీ (గుడ్డ పొరల్ని అతికించే జిగురు) చాలు. 5 నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ వద్దు, అది గుడ్డలోకి ఇంకకముందే బిగుసుకుంటుంది. వేసిన పొరలపై పీల్ ప్లై (ఎపాక్సీ ఆరాక ఊడదీసే గుడ్డ), ఆపైన సూదితో చిల్లులు పొడిచిన ఇన్సులేషన్ టేపు జిగురు వైపు బయటికుండేలా బిగించి చుట్టండి. మిగులు ఎపాక్సీ, గాలి బుడగలు ఆ చిల్లుల్లోంచి వచ్చేస్తాయి.

24 గంటలు కదపొద్దు. తర్వాత ఎపాక్సీ డబ్బా మీద చెప్పిన వేడిలో పోస్ట్ క్యూర్ చేయండి, అంటే వేడిలో ఉంచి పూర్తిగా గట్టిపడనివ్వండి. ఇది మానేస్తే మే నెల ఎండలో నల్లటి ట్యూబ్ వేడెక్కి అతుకు మెత్తబడొచ్చు. మళ్లీ బిళ్లతో తట్టండి, మొద్దు చప్పుడొస్తే ఆ ముక్క తీసి తిరిగి వేయాల్సిందే.