ఒంటి సీటు గ్లైడర్ గీయాలంటే ముందు కాటా ఎక్కండి

గ్లైడర్, అంటే ఇంజిన్ లేని విమానం, అనగానే అందరూ రెక్కతో మొదలుపెడతారు. మా మేనల్లుడూ అంతే. పాలిటెక్నిక్‌లో ఏళ్లతరబడి డ్రాయింగ్ చెప్పినవాణ్ని నేను. వాణ్ని ముందు అనంతపురంలో శనక్కాయ మూటలు తూచే కాటా ఎక్కించాను. 55 కిలోలు. పారాచూట్‌తో 65. బరువైన పైలట్‌కు పారాచూట్‌తో కలిపి 100, ఖాళీ గ్లైడర్‌కు 200 అనుకున్నాం. మొత్తం 300 కిలోలు.

ఇప్పుడు రెక్క వైశాల్యం. ఇంజిన్ లేదు కాబట్టి దిగేటప్పుడు గురి తప్పితే మళ్లీ లేవలేం. అందుకే స్టాల్ వేగం, అంటే గాల్లో నిలవగల కనీస వేగం, గంటకు 60 కిలోమీటర్లు పెట్టుకున్నాం. సెకనుకు 16.7 మీటర్లు. దాని వర్గాన్ని గాలి సాంద్రతతో, లిఫ్ట్ గుణకంతో (రెక్క ఎంత బాగా పైకి లేపుతుందో చెప్పే అంకె) హెచ్చించి సగం చేయండి. కిలోలను 9.81తో హెచ్చించి బరువును న్యూటన్లలోకి మార్చి, దాన్ని ఈ అంకెతో భాగించండి. గుణకం 1.3, సాంద్రత 1.225 వేస్తే 13.3 చదరపు మీటర్లు వస్తుంది.

"అయిపోయింది మామా" అన్నాడు. కాలేదు. 1.225 అనేది సముద్రమట్టంలో, 15 డిగ్రీల దగ్గరి లెక్క. మనం ఎగిరేది గద్దలు రెక్క ఆడించకుండా పైకి తిరిగే ఎండ వేళ. మన అనంతపురం ఉన్న ఎత్తులో, 40 డిగ్రీల ఎండలో సాంద్రత దాదాపు 1.08. అప్పుడు 15 చదరపు మీటర్లు కావాలి. రెక్క ఈ కొన నుంచి ఆ కొనకు 15 మీటర్లు, సగటు వెడల్పు 1 మీటరు. ఇంకా పొడుగైతే గాల్లో ఎక్కువ దూరం జారుతుంది కానీ రెక్క మొదలు దగ్గర వంపు భారం పెరిగి స్పార్, అంటే రెక్క లోపలి ప్రధాన దూలం, బరువెక్కుతుంది.

అసలు జాగ్రత్త గరిమనాభి, అంటే మొత్తం బరువు తూగే బిందువు, దగ్గర. రెక్క ముందు అంచు నుంచి కొలవండి. ఖాళీ గ్లైడర్ గరిమనాభి అంచుకు 65 సెంటీమీటర్లు వెనక, పైలట్ 60 ముందు అనుకుందాం. 100 కిలోలు కూర్చుంటే మొత్తం గరిమనాభి 23 దగ్గర, 65 కిలోలైతే 34 దగ్గర పడుతుంది. తేలిక మనిషి కూర్చుంటే తోక బరువెక్కినట్టే. వెనక్కి పోయేకొద్దీ గ్లైడర్ నిలకడ తప్పి ముక్కు ఎత్తేస్తుంది. అంచుకు 1.4 మీటర్ల ముందు, ముక్కులో 7 కిలోల సీసం పెడితే 30 దగ్గరికి వస్తుంది.

ఇదంతా పదో వంతు థర్మోకోల్ నమూనాతో మిద్దె పక్క ఖాళీ స్థలంలో విసిరి చూడండి. సీసానికి బదులు ముక్కుకు బంకమట్టి చాలు. మనిషి ఎక్కే గ్లైడర్ కట్టేముందు మాత్రం విమాన ఇంజినీరుతో లెక్కలు సరిచూపించుకుని, పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతులు తీసుకోవాలి. కాక్‌పిట్‌లో కళ్లకు ఎదురుగా పైలట్ కనీస బరువు, గరిష్ఠ బరువు పెద్ద అక్షరాల్లో రాయించండి.