మోకాలు నొప్పి అని ఆపేయకండి, ఎట్లాంటి నొప్పో చెప్పండి

నేను నల్లగొండలో బట్టలు కుడతాను. 19 ఏళ్లుగా కాలితో మిషన్ తొక్కుతున్నాను. పోయిన వానాకాలంలో కుడి మోకాలు నొప్పి మొదలైంది. దెబ్బ తగల్లేదు, వాపు లేదు, మోకాలు ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. కనిపించిన వాళ్లనల్లా సలహా అడిగాను. ఒకరు నువ్వుల నూనె రాయమన్నారు, ఒకరు పసరు కట్టు కట్టించుకోమన్నారు. మర్రిగూడలో ఉండే మా పెద్దమ్మ అయితే "ఇంకేముంది బిడ్డా, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లే" అన్నది. వాళ్ల తప్పేం లేదు. నేను అందరికీ చెప్పింది "మోకాలు నొప్పి" అనే ఒక్క ముక్కే. సరిగ్గా చెప్పడం తెలిసేసరికి ఐదు నెలలు పోయాయి. మీకు అంత కాలం పట్టొద్దు.

ముందు ఆ నొప్పి ఎట్లాంటిదో చూసుకోండి. గుంజుతుందా, సలుపుతుందా, పోటు పొడుస్తుందా, మంటగా ఉందా, తిమ్మిరెక్కుతుందా, పట్టేస్తుందా? మనకు ఇన్ని మాటలున్నాయి, డాక్టరుకు ఒక్కో మాట ఒక్కో దారి చూపిస్తుంది. మంట, తిమ్మిరి అంటే నరం సంగతి చూస్తారు. మడిచిన కాలు చాపరాకుండా ఇరుక్కుపోతుంటే లోపల రెండు ఎముకల మధ్య ఉండే మెత్త చిరిగిందేమో చూస్తారు. పొద్దున లేవగానే గంటసేపు కీళ్లు బిగుసుకుపోయి, చేతివేళ్ల కణుపులు కూడా నొస్తే కీళ్లవాతం అనుమానిస్తారు. కీలు అరిగిన నొప్పి అయితే ఆ బిగువు మామూలుగా అరగంటలోపే సడలుతుంది. అందుకే ఎంతసేపు ఉందో గడియారం చూసి చెప్పండి, "చాలాసేపు" అంటే పనికిరాదు.

తర్వాత వారం రోజులు రాయండి. నేను జాకెట్ కొలతలు రాసుకునే పుస్తకం చివరి పేజీలో రాశాను. ఏ పని చేస్తే పెరిగింది, ఏం చేస్తే తగ్గింది, రాత్రి నిద్ర లేపిందా, అంతే. మిషన్ వల్లనే అనుకుంటూ వచ్చాను కదా, పేజీ చూస్తే వేరేగా ఉంది. మిషన్ తొక్కిన రోజుకన్నా, ఆటో ఎక్కి దిగిన రోజు, పెళ్లిలో బాసింపట్టు వేసుకొని కూర్చున్న రోజు ఎక్కువ నొచ్చింది. కాలి గోళ్లు తీసుకోవడానికి వంగితే గజ్జల్లో సన్నగా గుంజింది. ఆ గుంజుడు ఎప్పటినుంచో ఉంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అక్కా, చెల్లీ, దయచేసి ఆ పని చేయకండి.

ఆ పేజీ చదివి డాక్టరు నన్ను పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని బయటికి తిప్పారు. ప్రాణం పోయినంత పనైంది, మోకాల్లో కాదు, గజ్జల్లో. అప్పుడు తుంటికి ఎక్స్‌రే తీస్తే అక్కడి కీలు అరగడం మొదలైందని తేలింది. తుంటి నుంచి, మోకాలి నుంచి కబురు మోసే నరాలు కొన్ని ఒక్కటేనట, అందుకే తుంటి జబ్బు మోకాల్లో నొప్పిగా తెలుస్తుందట. మోకాలు ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

మన దిక్కు నీళ్ల సంగతి కూడా తప్పక చెప్పండి. ఏ ఊళ్లో పెరిగారు, భగీరథ పథకం కుళాయి నీళ్లు రాకముందు ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారు, ఇప్పుడు తాగేవి ఏవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌తో ఏళ్లకేళ్లు తాగితే ఎముకలకు, కీళ్లకు ముప్పు. నాతో మూడు పనులు చేయించారు: గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం, మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు అందుకోవడం. మూడూ చేయగలిగాను. ఇవి చేయలేకపోతే ఫ్లోరైడ్ జబ్బేమో అని అనుమానిస్తారు, అంతే, తేల్చేది పరీక్షలు.

వాడిన బిళ్లల అట్టలన్నీ సంచిలో వేసుకుపోండి. పేరు లేకుండా పొట్లం కట్టిచ్చినవీ దాచకండి. గంటలో నొప్పి మాయం చేసే వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు, అది షుగర్ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపుకు, కిడ్నీలకు చేటు.

మోకాలు వేడిగా ఉబ్బి జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా, పిక్క వాచి నొచ్చినా రాసుకుంటూ కూర్చోకండి. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

నేను మిషన్‌కు మోటారు పెట్టించాను, నేలమీద కూర్చోవడం మానేశాను, చెప్పిన వ్యాయామాలు చేస్తున్నాను. మొన్న మర్రిగూడ పోయినప్పుడు ఆ మూడు పనులు పెద్దమ్మతో చేయించాను. గడ్డం ఛాతీకి ఆనలేదు. మెడ ఎప్పటినుంచి ఇట్లా ఉందంటే, గుర్తు లేదన్నది. ఆమెకూ ఒక పుస్తకం కొనిచ్చాను. చదువు రాదు కాబట్టి మనవరాలు రాస్తుంది. సోమవారం ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి పోతున్నాం.