జీవుల నుంచి పదార్థాలు – 3వ పాఠం: బాక్టీరియా పొరను కడగడం, ఆరబెట్టడం

గత పాఠంలో తీపి టీ ద్రావణం మీద పెంచడం మొదలుపెట్టిన పొర ఈపాటికి దాదాపు సెంటీమీటరు మందానికి చేరి ఉంటుంది. 1886లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఎ. జె. బ్రౌన్ వర్ణించిన, నేడు కొమగటైబాక్టర్ జైలినస్ అని పిలుస్తున్న బాక్టీరియా గాలి తగిలే చోటే సెల్యులోజ్ పోగులను వడుకుతుంది కాబట్టి, కొత్త పొర ఎప్పుడూ పైనే ఏర్పడి పాతదాన్ని కిందికి నెడుతుంది. ఈ పెంపకంలో మన ప్రమేయం తక్కువే. పదార్థపు గుణాన్ని తేల్చేది ఆరబెట్టే తీరు; చాలామంది తొందరపడేది కూడా అక్కడే.

ముందుగా కడగాలి. చక్కెర, ఆమ్లాలు, బాక్టీరియా కణాలు లోపలే మిగిలితే, ఆరిన పొర గోధుమ రంగుకు తిరిగి, జిగటగా, పులిసిన వాసనతో ఉంటుంది. లీటరు నీటిలో 4 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి, 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు పొరను అందులో ఉంచి, ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారడం ఆగేవరకు నీళ్లు మారుస్తూ కడగండి. సోడానే నీటిలో వేయాలి తప్ప సోడా మీద నీరు పోయకూడదు. అల్యూమినియం గిన్నె పనికిరాదు. చేతి తొడుగులు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

తడి పొర బరువులో సుమారు 99 శాతం నీరే. ఆ నీరు పోతున్నకొద్దీ పోగులు దగ్గరికి చేరి, హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ తరువాత ఎంత నానబెట్టినా పొర మునుపటి మందానికి ఉబ్బదు. అంచులు బిగించి ఆరబెడితే, వేళ్ల మధ్య జారిపోయే ఆ ముద్ద కాగితమంత పలచబడి, వంచితే చిటపటమంటుంది. గాజు పలక మీద ఆరిన వైపు నిగనిగలాడుతుంది, చెక్క మీద ఆరితే దాని చారలు అచ్చుపడతాయి. అంచులు వదిలేస్తే ముడతలు పడి చుట్టుకుపోతుంది. ఎక్కువ వేడి పెడితే పైభాగం ముందే బిగిసి పొర వంకర తిరుగుతుంది కాబట్టి, గది ఉష్ణోగ్రతలో ఫ్యాను గాలి చాలు. గడ్డకట్టించి శూన్యంలో ఆరబెట్టే యంత్రం అందుబాటులో ఉంటే, మంచు పోగులను ఎడంగా పట్టి ఉంచడం వల్ల అదే పొర స్పాంజిలా మిగులుతుంది.

మెత్తదనం కావాలంటే ఆరబెట్టే ముందు 5 శాతం గ్లిజరిన్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టండి. గ్లిజరిన్ పోగుల మధ్య చేరి వాటిని గట్టిగా అతుక్కోనివ్వదు. అయితే మోతాదు మించితే గాలిలోని తేమను పీల్చి పొర జిడ్డుగా తయారవుతుంది, ఉతికితే గ్లిజరిన్ కరిగిపోతుంది.

నీటిని పీల్చుకోవడం ఈ పదార్థానికి ఉన్న అసలు బలహీనత. దానికి విరుగుడుగా పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత పూసేవారున్నారు గానీ, మట్టిలోని సూక్ష్మజీవులను సెల్యులోజ్ దరిచేరనివ్వని ఆ పూత తరువాత దాన్ని మట్టిలో కలిసిపోయే పదార్థం అనడం నా దృష్టిలో సరికాదు. తేనెమైనం అంత గట్టి రక్షణ ఇవ్వకపోయినా ఆ లక్షణాన్ని చెడగొట్టదు.

వచ్చే పాఠం లోపు ఒకే పొరను మూడు ముక్కలు చేసి, ఒకటి గాజు మీద, ఒకటి చెక్క మీద, మూడోది గ్లిజరిన్‌లో నానబెట్టాక గాజు మీద ఆరబెట్టండి. రోజూ తూచి, వరుసగా రెండు రోజులు బరువు మారని ముక్కను ఆరినట్టు లెక్కించి, దాని మందం, వంగే తీరు రాసిపెట్టుకోండి.