ఆఫీసు కాఫీ కప్పులు: ముందు తగ్గించండి, మిగిలినవి విడిగా దాచండి

వాడిన పేపరు కప్పును నీళ్లలో వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున చింపి చూస్తే కాగితం మెత్తబడి, లోపలి వైపు నుంచి పల్చటి పొర ఊడి వస్తుంది. అది పాలిథిన్. కప్పు బరువులో సుమారు 5 నుంచి 10 శాతం ఉంటుంది. కాఫీ కారకుండా పట్టి ఉంచేది ఆ పొరే, కప్పును పాత పేపర్లతో కలిపి అమ్మనివ్వనిదీ ఆ పొరే. మామూలు పేపరు మిల్లులో గుజ్జు చేసేటప్పుడు అది కరగదు. అంటిన కాగితాన్ని పట్టుకునే ఉండి జల్లెడలకు అడ్డం పడుతుంది. పొరను వేరుచేసే ఏర్పాటున్న మిల్లు మాత్రమే దాన్ని తీసుకోగలదు.

అందుకే ఆఫీసులో "కప్పులకు" అని ఒక బుట్ట పెట్టినంత మాత్రాన పని అయిపోదు. తీసుకునేవాళ్లు ముందు దొరకాలి, బుట్ట తర్వాత కొనాలి.

ఆ వెతుకులాట కన్నా ముందు ఒక వారం లెక్క రాయండి. 80 మంది ఉన్న ఆఫీసులో మనిషికి రోజుకు రెండు కప్పులంటే 160. నెలకు 24 పనిదినాలైతే 3,840. చిన్న కప్పు 3 గ్రాములనుకుంటే నెలంతా కలిపినా పదకొండున్నర కిలోలే (మీ కప్పులు పది తీసుకుని వంటింటి త్రాసు మీద తూచి చూసుకోండి). చోటు మాత్రం గోనె సంచులు నిండేంత ఆక్రమిస్తాయి. ఇంత తేలిక సరుకు కోసం పాత సామాన్ల కొట్టువాళ్లు ఆటో పంపరు. విశాఖలో రుషికొండ ఐటీ కొండ మీదా, సిరిపురం, ద్వారకానగర్ కాంప్లెక్సుల్లోనూ ఒకే భవనంలో చాలా ఆఫీసులుంటాయి. వాళ్లంతా కలిసి ఒకే చోట పోగు చేస్తేనే బేరం కుదురుతుంది. కొట్టువాళ్లను మూడు మాటలు అడగండి: పొర ఉన్న కప్పులు తీసుకుంటారా, కనీసం ఎన్ని కిలోలు ఉండాలి, ఏ మిల్లుకు పంపుతారు. మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ సరుకు చివరికి కాపులుప్పాడ డంపింగ్ యార్డు దారి పట్టే అవకాశమే ఎక్కువ.

ఇంత కష్టం ఉంది కాబట్టే అసలు మేలు కప్పుల సంఖ్య తగ్గించడంలో ఉంది. స్టీలు గ్లాసును మించింది లేదు. పగలదు, పాతబడ్డాక కూడా ధర పలుకుతుంది. 80 మందికి 100 గ్లాసులు కొనండి, ఆ ఇరవై వచ్చేపోయేవాళ్లకు. ఎవరి గ్లాసు మీద వాళ్ల పేరో నంబరో చెక్కించండి. పెయింటుతో రాస్తే పది రోజుల్లో పోతుంది.

ఈ ఏర్పాటు దెబ్బతినేది దాదాపు ఎప్పుడూ సింకు దగ్గరే. పాలు ఎండి అంటుకున్న గ్లాసును ఎవరూ ముట్టుకోరు, మర్నాడు మళ్లీ పేపరు కప్పుల ప్యాకెట్టు వస్తుంది. తాగిన వెంటనే ఎవరి గ్లాసు వాళ్లే నీళ్లతో తొలిచి ట్రేలో పెట్టాలి. సాయంత్రం సబ్బు, వేడినీళ్లతో ఒకేసారి తోమించి, గుడ్డతో తుడవకుండా గాలికే ఆరేలా జాలీ మీద బోర్లించాలి. ఆ పని అటెండరు మీద అదనంగా రుద్దకండి. దానికి అరగంటో గంటో పనివేళల్లోనే కేటాయించండి. కప్పుల మీద మిగిలే డబ్బులోంచి కొంత వాళ్లకే ఇస్తే ఇంకా న్యాయం.

బయటి టీ కొట్టు నుంచి తెప్పించుకునేవాళ్లు ఫ్లాస్కు పంపండి. లీటరు ఫ్లాస్కు 100 మిల్లీలీటర్ల చొప్పున పదిమందికి సరిపోతుంది. మరిగే టీని ప్లాస్టిక్ కవర్లో కట్టించుకునే అలవాటు మాత్రం ఈ రోజే మానాలి. పేపరు కప్పు కూడా నిరపాయం కాదు: ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 85–90 డిగ్రీల వేడినీళ్లను 100 మిల్లీలీటర్లు పేపరు కప్పులో 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్లలోకి దిగాయని 2020లో తేల్చారు.

ఇక తప్పనిసరిగా మిగిలే కప్పులు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆరబెట్టడమే అసలు పని. తడి కప్పులను ఒకదాంట్లో ఒకటి దూర్చేస్తే మధ్యలో నీరు నిలిచి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. బూజు పట్టిన కట్టను కొట్టువాళ్లు తిప్పి పంపేస్తారు. పాలు, చక్కెర మిగిలితే ఒక్క రాత్రిలో చీమలూ బొద్దింకలూ చేరతాయి.

1. అడుగున మిగిలిన కాఫీని జల్లెడ పెట్టిన బకెట్లో ఒంపాలి.
2. పక్క బకెట్లో సగం వరకు ఉన్న నీళ్లలో కప్పును ఒకసారి ముంచి విదిలించాలి. దీనికి గ్లాసులు తొలిచిన నీళ్లు చాలు, మంచినీళ్లు అక్కర్లేదు.
3. జాలీ మీద రాత్రంతా బోర్లించాలి. వాన రోజుల్లో ఫ్యాను కింద పెట్టాలి.
4. ఎండిన తర్వాతే దొంతరలు పేర్చాలి. 90 మిల్లీమీటర్ల మూతి ఉన్న పెద్ద కాఫీ కప్పులకు 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కను పక్కలకు రంధ్రాలు చేసి గోడకు బిగిస్తే సరిగ్గా సరిపోతుంది. రంధ్రాలు లేకపోతే లోపల మళ్లీ తేమ పడుతుంది.

మూతలను కప్పులతో కలపకండి. అడుగున త్రికోణంలో 5 ఉంటే పాలిప్రొపిలిన్, కడిగి ప్లాస్టిక్ సరుకులో వేయవచ్చు. 6 ఉంటే పాలిస్టైరిన్, దాన్ని అడిగేవాళ్లు అరుదు. అందుకే మూత లేకుండానే ఇమ్మని కొట్టులో చెప్పండి. వేడి తగలకుండా చుట్టే అట్ట పట్టీ శుభ్రంగా ఉంటే అట్టపెట్టెల్లోకి పోతుంది. ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, కలిపే పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. కేంద్రం జాబితాలో పేపరు కప్పు లేకపోవడం వల్లే అది చాలా చోట్ల నిలిచింది. చక్కెర పొట్లాలను ఎవరూ కొనరు, సీసాలో చక్కెర, ఒక స్టీలు చెంచా పెట్టండి.

"కంపోస్టబుల్" అని రాసిన కప్పుతో జాగ్రత్త. అందులోని పీఎల్‌ఏ (మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్) పొర కుళ్లాలంటే సుమారు 58 డిగ్రీల వేడి వారాల తరబడి ఉండాలి. బాల్కనీ కుండీలో అది నెలలైనా అలాగే ఉంటుంది. మామూలు కప్పులతో కలిపేస్తే ఆ కట్ట కూడా చెడుతుంది.

కాఫీ పిప్పి మాత్రం నిజంగా ఎరువే. అడుగున, పక్కల రంధ్రాలున్న 50 లీటర్ల డ్రమ్ములో పిప్పి ఒక పాలు, ఎండాకులు గానీ కొబ్బరి పొట్టు గానీ మూడు పాళ్లు పొరలు పొరలుగా వేయండి. వారానికి రెండుసార్లు కలియబెట్టండి. పుల్లటి వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, పొట్టు ఇంకొంచెం వేయాలి. పాలు పోసి కాచిన టీ పిప్పిని జల్లెడలో కడిగి వేయండి, లేకపోతే పురుగులు పడతాయి. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలే రాలాలి, ధార కడితే మూత తీసి ఒక రోజు ఆరనివ్వండి. రెండు నెలలకు నల్లగా, మట్టి వాసనతో తయారవుతుంది. కుండీకి నాలుగు పిడికిళ్లకు మించి వేయకండి.