త్సాయ్ యెన్ కథను విశాఖ వేదిక మీద చెప్పాలంటే

త్సాయ్ యెన్ క్రీ.శ. 177 ప్రాంతంలో పుట్టిన చైనా కవయిత్రి, సంగీతజ్ఞురాలు. వెన్‌జి అన్న పేరుతోనే ఎక్కువమందికి తెలుసు. ఆమె జీవితం హరికథ పద్ధతికి చక్కగా ఒదుగుతుంది: ఒక్క మనిషి పాడుతూ, మాట్లాడుతూ, పాత్ర మార్చుకుంటూ చెప్పుకుపోవచ్చు. 45 నిమిషాల కథకు చిడతలు పట్టిన కథకురాలు, మృదంగం, వయొలిన్, స్వరమండల్ (వేళ్ళతో మీటే తీగల వాద్యం) చాలు. హార్మోనియం పెట్టకపోవడం మేలు. దాని నిలకడ నాదం కింద స్వరమండల్ తీగలు వినపడవు, ఈ కథకు ఆ తీగలే ప్రాణం.

ముందు కథావస్తువును మూడు కుప్పలుగా విడదీసుకోండి. మొదటిది, ఆమె పేరు మీద చరిత్రగ్రంథంలో చేరిన రెండు శోకకావ్యాలు. రెండోది, అయిదో శతాబ్దంలో ఫాన్ యె కూర్చిన మలి హాన్ వంశ చరిత్ర ఆమె గురించి చెప్పినది. మూడోది, తర్వాతివాళ్ళు అల్లుకున్నది. బాగా ప్రసిద్ధమైన 'పద్ధెనిమిది పాటలు' ఆమెవే అని ఖాయంగా చెప్పలేం. అవి వందల ఏళ్ళ తర్వాతి సంకలనాల్లో కనిపిస్తాయి, పండితులకు వాటి మీద ఏకాభిప్రాయం లేదు. వాటిలో ముక్కలు పాడితే 'ఆమె పేరిట పాడుకున్న పాట' అనండి, 'ఆమె రాసింది' అనకండి.

కథకు వెన్నెముక మొదటి కావ్యం. మొత్తం 108 పాదాలు, పాదానికి అయిదు అక్షరాలు, అంటే 540 అక్షరాలు. ప్రతి పాదం రెండు, మూడుగా విరుగుతుంది. మన ఖండచాపు నడక కూడా అదే, 2+3. కాబట్టి తాళం కోసం వెతుక్కోనక్కర్లేదు. చిక్కు అనువాదంలో వస్తుంది. చైనా భాషలో ఒక్కో అక్షరం ఒక్కో మాట. తెలుగులో అయిదక్షరాల్లో ఆ అర్థం పట్టదు. ఒక పాదానికి అయిదేసి మాత్రల గణాలు నాలుగు ఇవ్వండి. సైనికులు ఊళ్ళు దోచుకుని పోతున్న చోటు ఇలా వస్తుంది:

గుర్రాల పక్కలను మగవారి తలలూగె
గుర్రాల వెనకాల ఆడవారిని మోసె

ప్రతి గణమూ 2+3గా విరుగుతోందో లేదో చేత్తో తాళం వేసి చూసుకోండి. 3+2 గణం ఒక్కటి దొర్లినా మృదంగం ఒక దారి, మాట ఒక దారి అవుతాయి. ఇలా రాస్తే ఒక పాదానికి నాలుగు ఆవృత్తాలు (తాళం చుట్లు), మధ్యమ కాలంలో దాదాపు 6 సెకన్లు. 108 పాదాలూ పాడితే ఏకబిగిన దాదాపు 11 నిమిషాలు పడుతుంది, సభ జారిపోతుంది. 30 పాదాలు ఎంచుకుని మూడు చోట్ల పంచండి: బందీల ప్రయాణం, పిల్లల వీడ్కోలు, పాడుబడ్డ ఇంటికి రాక.

చిన్నతనం తీగల ఘట్టంతో మొదలవ్వాలి. తండ్రి త్సాయ్ యుంగ్ పండితుడు, లిపికారుడు, గూచిన్ అనే ఏడు తీగల వాద్యంలో దిట్ట. రాత్రి వాయిస్తుండగా తీగ తెగింది. పాప 'రెండోది' అంది. ఆయన పరీక్షకు ఇంకొకటి తెంపితే 'నాలుగోది' అంది. ఇవాళ వాడుకలో ఉన్న గూచిన్ శ్రుతిని మన స్వరాల్లో చెప్తే మంద్ర (కింది స్థాయి) ప, ద, ఆపైన స, రి, గ, ప, ద. అంటే మోహన రాగం. స్వరమండల్‌లో ఏడు తీగలను ఇలాగే శ్రుతి చేయండి.

వేదిక మీద తీగను నిజంగా తెంపొద్దు. ఉక్కు తీగ ఎగిరి కంటికి తగలొచ్చు. ఏడు తీగలనూ ముందు మూడుసార్లు వరసగా మీటించండి, సభకు ఆ మెట్లు చెవిలో పడాలి. తర్వాత మృదంగంపై ఒక్క దెబ్బ, రెండో తీగను వేలితో నొక్కిపెట్టి మళ్ళీ మీటాలి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రెండో తీగ మంద్ర ధైవతం. పైన ఏడో తీగలో ధైవతం ఇంకొకటి ఉంది కాబట్టి లోటు చెవికి వెంటనే తగలదు. నాలుగోది రిషభం, దానికి జంట లేదు, లేకపోతే ఎవరికైనా తెలుస్తుంది. అందుకే మొదటి పరీక్షను బాగా విలంబంగా నడిపి, రెండోదాన్ని చటుక్కున ముగించండి. పాప జవాబు మామూలు ఇంటి మాటలో ఉండాలి: 'నాన్నగారూ, తెగింది రెండో తీగ కదా?'

తర్వాతి సంగతులు వేగంగా చెప్పేయండి. మొదటి భర్త వేయ్ జుంగ్‌దావ్ సంతానం లేకుండా పోయాడు, ఆమె పుట్టింటికి వచ్చింది. 192లో తండ్రి చెరసాలలో చనిపోయాడు. ఆయన దుంగ్ జ్వో అనే నియంత కొలువులో పనిచేసినవాడు, ఆ నియంత చావు విని నిట్టూర్చినందుకే చెరలో వేశారు. కూతురి కావ్యం ఆ దుంగ్ జ్వోను నిందిస్తూనే మొదలవుతుంది. ఈ ముడిని దాచకండి. తండ్రిని మచ్చలేని మహాత్ముణ్ణి చేస్తే, కూతురి గొంతులోని ఆ పదును ఎక్కడిదో సభకు అర్థం కాదు.

194-195 ప్రాంతంలో గుర్రాల మీద వచ్చిన సంచారజాతి సైనికులు ఆమెను పట్టుకుపోయారు. దక్షిణ ష్యుంగ్ను జాతి పెద్దల్లో ఒకడి దగ్గర 12 ఏళ్ళు ఉండి ఇద్దరు కొడుకులను కన్నది. ఇక్కడ రాగం మార్చాలి, తీగలు మార్చనక్కర్లేదు. అదే మోహనలో గాంధారాన్ని షడ్జంగా పట్టుకుంటే హిందోళం వస్తుంది. తీగలు అవే, ఊరు మాత్రం పరాయిది. అయితే పాత షడ్జం మోగుతుంటే హిందోళం నిలవదు. రెండో శ్రుతిపెట్టె సిద్ధం చేసుకుని, మొదటిదాన్ని ఆపాకే దాన్ని తెరవండి. హార్మోనియం తెల్లమెట్ల లెక్కలో కథకురాలి శ్రుతి 5 అయితే కొత్త షడ్జం 7కు చేరుతుంది, కాబట్టి తార షడ్జం (పై స) దాటకుండా స్వరపరచుకోండి. మంచునూ గాలినీ చెప్పేటప్పుడు లంబసింగి పోలిక తేకండి. విశాఖవాళ్ళకు అది విహారం, ఆ మాటతో సభ నవ్వుకుంటుంది.

వీడ్కోలుకు 10 నిమిషాలు కేటాయించండి, కథలో అన్నిటికంటే పెద్ద భాగం ఇదే. 207 ప్రాంతంలో, అప్పటి హాన్ కొలువులో అధికారమంతా చేతిలో ఉన్న సేనాని త్సావ్ త్సావ్ బంగారం, జేడ్ రాళ్ళు ఇచ్చి ఆమెను విడిపించాడు. పిల్లలు మాత్రం అక్కడే ఉండిపోయారు. కావ్యంలో కొడుకు మెడ పట్టుకుని అడుగుతాడు: ఎక్కడికెళ్తున్నావమ్మా? మళ్ళీ ఎప్పుడొస్తావు? నేనింకా పెద్దవాణ్ణి కాలేదు కదా? ఈ మూడు ప్రశ్నలకూ వాద్యాలన్నీ ఆగాలి. చాలామంది ఇక్కడ వయొలిన్‌ను ఏడిపిస్తారు, దాంతో పిల్లవాడి మాట మునిగిపోతుంది.

చివరి ఘట్టంలో ఆమె ఎవరో పూర్తిగా తెలుస్తుంది, తప్పకుండా ఉంచండి. తిరిగొచ్చాక పెళ్ళాడిన దుంగ్ సికి మరణశిక్ష పడింది. చలికాలం, జుట్టు విరబోసుకుని, ఉత్త కాళ్ళతో, నిండు సభలోకి వచ్చి త్సావ్ త్సావ్‌ను వేడుకుంది. శిక్షాపత్రం వెళ్ళిపోయిందని ఆయన అంటే, మీ శాలలో పదివేల గుర్రాలున్నాయి, ఒక ప్రాణం కోసం ఒక్క గుర్రాన్ని పంపలేరా అని అడిగింది. శిక్ష రద్దయింది. తండ్రి గ్రంథాల సంగతి ఆయన అడిగితే, ఇచ్చిన నాలుగువేల చుట్టల్లో ఒక్కటీ మిగల్లేదని, నాలుగువందల పైచిలుకు తనకు నోటికి వచ్చని చెప్పింది. పదిమంది రాయసగాళ్ళను ఇస్తానన్నా వద్దని, కాగితం, కలం అడిగి తనే తప్పు లేకుండా రాసిచ్చింది. ఈ ఘట్టంలో మళ్ళీ మోహనకు రండి, ఖండచాపు వేగం పెంచండి.

మంగళానికి మధ్యమావతి పాడకండి. కావ్యం దుఃఖంతోనే ముగుస్తుంది; ఆ రాగం వినగానే మనవాళ్ళు చెప్పులు వెతుక్కుంటారు. కథ అయిందని చెప్పి, కాస్త ఆగి, మోహనలోనే మంగళం పాడండి.

కళాభారతి అయినా, గురజాడ కళాక్షేత్రం అయినా, సముద్రపు గాలి మాత్రం అన్నిచోట్లా ఒకటే. స్వరమండల్ తీగలకు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. కొత్త తీగలు కార్యక్రమానికి ముందురోజు వేస్తే సాగి శ్రుతి దిగిపోతాయి, నాలుగు రోజుల ముందే వేయండి. ఏసీ హాలయితే చల్లదనానికి తీగల శ్రుతి పెరుగుతుంది, బయట తేమకు వదులైన మృదంగం చర్మం లోపల బిగుస్తుంది. రెండిటినీ గంట ముందే హాల్లో పెట్టి, చివరి పావుగంటలో కలిపి శ్రుతి చేయండి. స్వరమండల్‌కు విడిగా ఒక మైకు, తీగలకు జానెడు దూరంలో, ఫ్యాను గాలి తగలని వైపున.